పశ్చాత్తాపము, మారుమనస్సు

ఒకే రాత్రి, ఒకే గురువు ఎడల ఇద్దరు శిష్యులు తప్పు చేసినారు. ఒకడు ముప్పది వెండి నాణెములకు ఆయనను పట్టి ఇచ్చినాడు. రెండవవాడు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొంటూ, ఒక పనికత్తె మొదలుగా చుట్టునున్నవారు అడిగిన ప్రశ్నలకు జడిసి, ఆయన ఎవరో తానెరుగనని మూడుమార్లు బొంకినాడు. తెల్లవారేసరికి ఇద్దరి గుండెలూ మండినవి. మొదటివాడు యూదా, ఉరి పోసుకొన్నాడు. రెండవవాడు పేతురు, వెక్కి వెక్కి ఏడ్చినాడు, బ్రతికినాడు, తరువాత తోటివారికి పెద్ద దిక్కైనాడు.

యూదా దుఃఖము తక్కువదని ఎవరనగలరు? మత్తయి సువార్త చెప్పిన దానినిబట్టి చూస్తే పేతురుకంటె అతడే ఎక్కువ చేసినాడు. పేతురు బయటికి పోయి ఏడ్చినాడు, అంతే. యూదా ప్రధానయాజకుల యొద్దకు తిరిగి వచ్చి, నిరపరాధిని అప్పగించి పాపము చేసినానని నోట ఒప్పుకొన్నాడు. పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇవ్వబోయినాడు. దానికి వారు చెప్పిన జవాబు: అది మాకేమి, నీవే చూచుకొనుమని. తప్పు ఒప్పుకొన్నవానిని దరిచేర్చవలసిన పదవిలో ఉన్నవారి మాట ఇది. అతడు నాణెములను దేవాలయములో పారవేసి వెళ్ళిన తరువాత వారికి కలిగిన చింత ఒక్కటే. రక్తపు వెల గనుక ఈ డబ్బును కానుకల పెట్టెలో వేయవచ్చునా, కూడదా? కూడదని తీర్మానించుకొని, దానితో పరదేశులను పాతిపెట్టుటకు కుమ్మరివాని పొలము కొన్నారు. శాస్త్రవిధికి ఏ లోపమూ రాలేదు. మనిషి ఎటు పోయినాడో మాత్రము ఎవరూ చూడలేదు.

మన తెలుగు బైబిలులో ఈ ఘట్టమును తీసి చూడండి. యూదాను గురించి అక్కడ వాడిన మాట 'పశ్చాత్తాపము'. అదే సువార్త ఆరంభములో, యొర్దాను నదీతీరమున బాప్తిస్మమిచ్చు యోహాను జనమును పిలిచిన చోట వాడిన మాట వేరు, అది 'మారుమనస్సు'. ఈ భేదము మన అనువాదకుల కల్పన కాదు. మూలమైన గ్రీకులోనే రెండు మాటలున్నవి. యూదాకు వాడినది చేసిన పనికి లోపల నొచ్చుకొనుటను తెలిపే క్రియ. యోహాను పిలుపులో ఉన్నది 'మెటానోయా' అనే మాటకు సంబంధించినది. బుద్ధి మారుట, మనసు మరొక దిక్కునకు తిరుగుట అని దాని భావము. హెబ్రీ ప్రవక్తలు ఇదే సంగతికి ఇంకా సులభమైన మాట వాడినారు: మరలి వచ్చుట. దారి తప్పినవాడు ఎంత వగచినా, వెనుకకు తిరిగి నడువనిదే ఊరు చేరడు గదా.

అయితే పదములమీద మరీ భారము వేయరాదు. అదే మత్తయి సువార్త ఇరువది యొకటవ అధ్యాయములో, ద్రాక్షతోటకు పోనని తండ్రితో చెప్పి, పిదప మనసు మార్చుకొని పోయిన కుమారుని కథ ఉన్నది. ఆ మంచి కుమారునికి మూలములో వాడినది యూదాకు వాడిన క్రియయే. కనుక తాపమే చెడ్డదని అర్థము కాదు. అది తోటదాక నడిపించినదా లేదా అన్నది ప్రశ్న. కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో పౌలు దుఃఖము రెండు విధములని, ఒకటి మారుమనస్సును పుట్టించునని, మరొకటి మరణమునకు ఈడ్చునని వేరుచేసి చెప్పినది కూడ ఇందుకే.

భాషాభిమానులకు ఇక్కడ ఒక ముచ్చట. పశ్చాత్తాపము అచ్చమైన సంస్కృత సమాసము. పని జరిగిన పిమ్మట పుట్టే వేడి. మారుమనస్సు తెలుగును సంస్కృతమును కలిపిన మిశ్రసమాసము. మారుపేరు, మారువేషము అన్న మాటలు మనము నిత్యము వింటాము. వాటిలో పైది మారుతుంది, లోపలిది మారదు. మారుమనస్సులో లోపలిదే మారవలె. పైన అదే అంగీ, అదే పేరు ఉండవచ్చును. విశాఖపట్టణములో 1805లో లండను మిషనరీలు ఆరంభించిన అనువాదము, 1812లో శ్రీరాంపురపు ముద్రణాలయమున మూడు సువార్తలుగా వెలువడినది మొదలు, తరతరములుగా ఎందరో దిద్దుతూ వచ్చిన గ్రంథమిది. అందులో ఇంత సూటియైన మాట నిలిచిపోవుట మన భాషకు దక్కిన లాభమే.

ఈ ఒక్క మాట ఐరోపా చరిత్రనే కదిపినది. లాటిను బైబిలులో ఈ పిలుపు 'ప్రాయశ్చిత్తము చేయుడి' అని కూడ అర్థము వచ్చునట్లు పడినది. ప్రాయశ్చిత్తమనగానే లెక్కలు, విధులు, చివరకు డబ్బిచ్చి కొనుక్కొనే క్షమాపణ పత్రములు వచ్చి చేరినవి. 1516లో ఎరాస్మసు గ్రీకు నూతన నిబంధనను అచ్చువేసినాడు. 1517లో మార్టిన్ లూథరు తన తొంబదియైదు వాదములలో మొట్టమొదటి దానినే ఈ మాటపై నిలిపినాడు. క్రీస్తు కోరినది ఒకనాటి తంతు కాదని, విశ్వాసి బ్రతుకంతయు మరలుటగా ఉండవలెనని దాని సారాంశము.

మనసు మారవలెనని చెప్పుట సులభము. ఎట్లు మారుతుంది? నీవు పాపివి అని ముఖము మీద అంటే మారుతుందా? ఈ విషయములో బైబిలుకు తెలిసిన విద్య యేమో చూడవలెనంటే సమూయేలు రెండవ గ్రంథములోని నాతాను కథను చదువవలె.

కథ అందరికీ తెలిసినదే. సేన రబ్బా పట్టణము ముట్టడిలో ఉండగా దావీదు రాజు యెరూషలేములో నిలిచిపోయి, ఊరియా అనే తన సైనికుని భార్య బత్షెబను పిలిపించుకొన్నాడు. ఆమె గర్భవతియైనది. తప్పు కప్పిపుచ్చుటకై ఊరియాను యుద్ధమునుండి రప్పించి ఇంటికి పొమ్మన్నాడు. తోటివారు బయట గుడారములలో పడియుండగా తాను ఇంటికి పోయి తిని, త్రాగి, భార్యతో పండుకొనుటకు మనసొప్పదని ఊరియా పోలేదు. అప్పుడు రాజు, అతనిని పోరు ముమ్మరముగానున్న చోట నిలిపి విడిచిరమ్మని యోవాబుకు జాబు వ్రాసి, ఆ జాబును ఊరియా చేతికే ఇచ్చి పంపినాడు. ఊరియా చచ్చినాడు. బత్షెబ రాణివాసమునకు వచ్చినది. బిడ్డ పుట్టినాడు. రాజు మనసులో మాత్రము ఏ అలజడి ఉన్నట్లు గ్రంథము చెప్పదు.

అప్పుడు నాతాను ప్రవక్త వచ్చినాడు. వచ్చి, నేరారోపణ చేయలేదు. ఒక వ్యాజ్యము చెప్పినాడు. ఒక ఊరిలో ఒక ధనికుడు, ఒక పేద. ధనికునికి మందలు మందలు. పేదవానికి తాను కొని పెంచుకొన్న ఒకే ఒక్క ఆడ గొఱ్ఱెపిల్ల. అది వాని ముద్దలో తినేది, వాని గిన్నెలో త్రాగేది, వాని కౌగిట పండుకొనేది, కూతురువలె పెరిగినది. ధనికుని ఇంటికి బాటసారి వస్తే తన మందను ముట్టక ఆ పిల్లను పట్టి వండించినాడు.

తినుట, త్రాగుట, పండుకొనుట. పాఠకుడు ఒక్క క్షణము ఆగవలె. ఇవి ఊరియా చెప్పిన మూడు మాటలే. హెబ్రీ మూలములోను అవే మూడు క్రియలు. ఇంటికి పోయి చేయనన్న మూడు పనులను ప్రవక్త గొఱ్ఱెపిల్లకు కట్టి రాజు ముందు పెట్టినాడు. కూతురువలె అన్నచోట ఉన్న హెబ్రీ పదము 'బత్'. బత్షెబ పేరులో మొదటి భాగము అదే. రాజు చెవికి ఇవి తగిలినవో లేదో. ఆయన మండిపడి, అట్టివాడు చావదగినవాడని, గొఱ్ఱెపిల్లకు నాలుగంతలు ఇచ్చుకొనవలెనని తీర్పు చెప్పినాడు. అప్పుడు నాతాను, ఆ మనుష్యుడవు నీవే అన్నాడు.

రాజు తీర్పు చెప్పిన తరువాత ఇక తప్పించుకొనుటకు చోటు లేదు. న్యాయాధిపతి ఆయనే, ముద్దాయి ఆయనే. దావీదు పలికిన జవాబు హెబ్రీలో రెండే మాటలు: యెహోవాకు విరోధముగా పాపము చేసితినని. ఆయనకు ముందటి రాజు సౌలు కూడ ఇదే మాట అన్నాడు, సమూయేలు ఎదుట. కాని సౌలు ఆ మాట వెంటనే జనులకు జడిసి చేసితినని సాకు చెప్పినాడు. పెద్దల ముందు నా పరువు నిలుపుమని బతిమాలినాడు. దావీదు నోట సాకు లేదు, పరువు ఊసు లేదు. ఒకే మాట ఇద్దరి నోట రెండు బ్రతుకులు.

నాలుగంతలు అన్న లెక్క దావీదు కోపములో పుట్టినది కాదు. నిర్గమకాండములోని ధర్మవిధి అది: దొంగిలించిన గొఱ్ఱెకు నాలుగు, ఎద్దుకు ఐదు. ప్రాచీన గ్రీకు అనువాదములో ఈ చోట ఏడంతలని ఉన్నది. అది వేరే చర్చ. దొంగ పట్టుబడక, తానే వచ్చి తప్పు ఒప్పుకొంటే లేవీయకాండము, సంఖ్యాకాండము విధించినది చాల తక్కువ. అసలుకు అయిదవ వంతు చేర్చి ఇస్తే చాలును. ఒప్పుకొనుటకు ధర్మశాస్త్రము చూపిన రాయితీ ఇది.

ఇప్పుడు లూకా సువార్తలోని జక్కయ్య దగ్గరకు వద్దాము. యెరికోలో సుంకపు గుత్తదారు. పొట్టివాడు గనుక యేసును చూచుటకు మేడిచెట్టు ఎక్కినాడు. మేడిచెట్టనగానే తెలుగువానికి పద్యమొకటి మదిలో మెదలక మానదు. జక్కయ్య విషయములో మాత్రము లోపల ఉన్నది ఊరి జనము అనుకొన్నది కాదు. యేసు అతనిని దిగిరమ్మని, ఈనాడు నీ ఇంట బస చేయవలెనని అన్నాడు. మందలించలేదు, లెక్కలడుగలేదు. జనము సణిగినది. జక్కయ్య నిలువబడి, ఆస్తిలో సగము బీదలకు ఇస్తానని, ఎవనివద్దనైన అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని చెప్పినాడు. ఎవరూ పట్టుకొనకుండ తానే ఒప్పుకొన్నవాడు అయిదవ వంతు కలిపితే సరిపోయేది. అతడు తనకు తాను దొంగ శిక్షను వేసుకొన్నాడు. యూదాకూ ఇతనికీ మధ్య డబ్బు తిరిగి ఇచ్చుటలో భేదము లేదు. ఒకని ముందు 'అది మాకేమి' అన్నవారున్నారు. ఇంకొకని ముందు 'నీ ఇంటికి వస్తాను' అన్నవాడున్నాడు.

అందుచేతనే కాబోలు నూతన నిబంధన, తప్పు చేసినవానికి చెప్పినంత శ్రద్ధగా దిద్దేవానికి కూడ చెప్పినది. మత్తయి పదునెనిమిదవ అధ్యాయములోని క్రమము చూడండి. సోదరుడు తప్పు చేస్తే ముందు నీవు, అతడు, ఇద్దరే ఒంటరిగా మాటాడుకొనవలె. వినకుంటే ఒకరిద్దరిని వెంట తీసికొని పోవలె. అప్పటికీ వినకుంటేనే సంఘమునకు చెప్పవలె. మనలో జరిగేది దీనికి తలక్రిందులు. ముందు ఊరికి తెలుస్తుంది, చివరకు అతనికి తెలుస్తుంది. సంఘము మాట కూడ విననివానిని సుంకరివలె ఎంచుమని ఉన్నది. ఆ సుంకరుల పంక్తిలో కూర్చుండి భోజనము చేసినవాడు యేసే గనుక, ఆ కడపటి తలుపు కూడ గడియ పడినట్లు నాకు తోచదు. ఆ బోధకు ముందు తప్పిపోయిన గొఱ్ఱె కథ, తరువాత ఎన్నిసార్లు క్షమించవలెనన్న పేతురు ప్రశ్న. నడుమ ఈ క్రమమును ఉంచినవాడు ఊరక ఉంచలేదు.

పౌలు గలతీయులకు వ్రాస్తూ, తప్పులో చిక్కినవానిని సాత్వికముతో మంచిదారికి తేవలెనని, తేబోయేవాడు తాను శోధనలో పడకుండ చూచుకొనవలెనని హెచ్చరించినాడు. అక్కడి గ్రీకు క్రియ మార్కు సువార్తలో జాలరులు పడవలో కూర్చుండి వలలు బాగుచేసుకొనుటకు వాడిన క్రియయే. చిరిగిన వలను ఎవడూ కొట్టడు. పోగు పోగు పట్టి ముడివేస్తాడు. అదే లేఖలో ధర్మశాస్త్రమునకు పౌలు పెట్టిన పేరును మన బైబిలు 'బాలశిక్షకుడు' అని తెనిగించినది. పెద్దబాలశిక్ష వల్లించిన మనకు ఆ మాట వినగానే పంతులుగారు కనబడతారు. గ్రీకుల ఇళ్ళలో అతడు పంతులు కాదు. పిల్లవానిని చేయి పట్టి బడిదాక నడిపించి, త్రోవలో అల్లరి చేస్తే అదలించే బానిస. పాఠము చెప్పేవాడు బడిలో ఉన్నాడు. బెత్తము పని బడి వాకిలిదాకనే.

ఉపాధ్యాయవృత్తిలోనివారు నన్ను మన్నింతురు గాక, ఈ భేదము మనకు తరచు మరపునకు వస్తుంది. తప్పు చేసిన పిల్లవానిచేత ఇక చేయనని నూరుసార్లు వ్రాయిస్తాము. నూరవసారి వ్రాసేటప్పటికి వానికి చేయి నొచ్చును, మనమీద కోపము వచ్చును. చేసిన తప్పు ఏదో అరువదవ పంక్తి దగ్గరనే మరచిపోయి ఉండును. ఎవని పుస్తకము చించినాడో వాని పుస్తకమును వానిచేతనే అంటించి ఇప్పించుటకు మనకు తీరిక ఉండదు.

నాతాను కథ దావీదుతో ముగియలేదు. సుమారు పదునాలుగు వందల ఏండ్ల తరువాత మరొక రాజు దానిని చదువవలసి వచ్చినది. క్రీ. శ. 390లో థెస్సలొనీక పట్టణపు జనులు, తమకు ప్రియుడైన ఒక రథసారథిని చెరలో పెట్టినాడన్న కోపముతో బుతెరికు అనే సేనానిని చంపినారు. రోమక చక్రవర్తి థియోడోసియసు పట్టణముపై సేనను విడిచినాడు. ఏడు వేలమంది చచ్చిరని తరువాతి చరిత్రకారుడు థియోడొరెటు వ్రాసినాడు. చక్రవర్తి ఆజ్ఞను వెనుకకు తీసికొన్నాడు గాని, అది చేరేసరికి ఆలస్యమైనది.

మిలాను బిషపు ఆంబ్రోసు అప్పుడేమి చేసినాడు? గుడి వాకిట నిలువబడి చక్రవర్తిని చేయి అడ్డుపెట్టి ఆపినట్లు చిత్రకారులు రూబెన్సు, వాన్ డైక్ రంగులలో చూపినారు. అది తరువాతివారు పెంచిన కథ. నిజముగా మనకు మిగిలినది ఒక ఉత్తరము. ఆంబ్రోసు అస్వస్థతను చెప్పుకొని పట్టణము విడిచిపోయి, చక్రవర్తి ఒక్కడే చదువుకొనవలెనని స్వహస్తముతో వ్రాసినాడు. మత్తయి చెప్పిన మొదటి మెట్టు అదే గదా! అందులో దావీదును, నాతానును, గొఱ్ఱెపిల్లను గుర్తుచేసినాడు. రాజువైన నీవు రాజైన దావీదు చేసినది చేయుటకు సిగ్గుపడతావా అన్నది దాని సారాంశము. థియోడోసియసు రాజచిహ్నములు తీసివేసి, గుడిలో జనము నడుమ ఏడ్చినాడని ఆంబ్రోసే 395లో అతని అంత్యక్రియల ప్రసంగములో చెప్పినాడు. మరణశిక్ష విధించిన తరువాత ముప్పది దినములు ఆగి మరల ఆలోచించవలెనని చక్రవర్తి శాసించినాడని థియోడొరెటు వ్రాసినాడు. ఆ శాసనము ఏ సంవత్సరపుదో పండితులలో వాదమున్నది.

ఇంతటి ఆంబ్రోసు కథలో దాచరానిది ఒకటున్నది. దీనికి రెండేండ్ల క్రితము, 388లో, యూఫ్రటీసు తీరపు కల్లినీకములో క్రైస్తవులు యూదుల ప్రార్థనామందిరమును తగులబెట్టినారు. అక్కడి బిషపు తన ఖర్చుతో దానిని మరల కట్టించవలెనని చక్రవర్తి న్యాయముగానే ఆజ్ఞాపించినాడు. ఆంబ్రోసు పట్టుబట్టి ఆ ఆజ్ఞను రద్దు చేయించినాడు. గొఱ్ఱెపిల్లకు నాలుగు అన్న లెక్క ఆనాడు ఆయనకు గుర్తు రాలేదు. ఇతరులకు అద్దము పట్టేవాడు ఆ అద్దమును ఒకమారు తనవైపు త్రిప్పుకొనుట ఎంత అరుదో.

దావీదు పశ్చాత్తాపగీతముగా ప్రసిద్ధమైనది ఏబదియొకటవ కీర్తన. నాతాను వచ్చినప్పుడు పాడినదని దాని శీర్షిక. చివరి రెండు చరణములలో యెరూషలేము గోడలను కట్టుమని ప్రార్థన ఉండుటచేత అది చాల తరువాతి కాలపుదని, కాదంటే ఆ చరణములు పిదప చేర్చినవని విమర్శకులంటారు. నన్ను బాధించేది అది కాదు. నీకే, కేవలము నీకే విరోధముగా పాపము చేసితినని దేవునితో అనే భావము ఒకటి అందులో ఉన్నది. మరి ఊరియా? చచ్చినవాని మాట ఏమైనది? పాపము తుదకు దేవునికే తగులుతుందని వ్యాఖ్యాతలు సమాధానము చెప్పుదురు, కొంతవరకు ఒప్పుకొనవచ్చును. నాకు ఇంకొకచోట దొరికిన సమాధానము ఎక్కువ తృప్తినిచ్చినది. మత్తయి సువార్త మొదటి పుటలో యేసు వంశావళి ఉన్నది. సొలొమోను తల్లి పేరు వ్రాయవలసినచోట బత్షెబ అని వ్రాయలేదు; ఊరియా భార్యగా ఉండినదని వ్రాసినారు. క్షమింపబడిన రాజు వంశవృక్షములో, చంపబడిన సైనికుని పేరు అట్లే ఉంచినారు.

మిలానులో 387లో ఆంబ్రోసు చేత బాప్తిస్మము పొందినవాడు అగస్తీను. తన తప్పులను తానే గ్రంథముగా వ్రాసి లోకమునకు ఇచ్చినవాడు. 430లో ఉత్తరాఫ్రికాలోని హిప్పో పట్టణమును వాండలులు చుట్టుముట్టియుండగా ఆయన జబ్బుపడినాడు. డెబ్బదియైదేండ్ల వయస్సు, ముప్పదియైదేండ్లకు దగ్గరగా బిషపు పదవి. చివరి దినములను ఆయన శిష్యుడు పొసీడియసు వర్ణించినాడు. పశ్చాత్తాపమును గూర్చిన దావీదు కీర్తనలు కొన్నిటిని వ్రాయించి, మంచమునకు ఎదురుగా గోడకు అంటింపజేసినాడట. వైద్యులు వచ్చే వేళ, భోజనము తెచ్చే వేళ తప్ప ఎవరినీ లోనికి రానీయవద్దని పది దినములపాటు కట్టడి చేసినాడట. పడుకొని ఆ గోడవంక చూస్తూ, ఒక్కొక్క పంక్తి చదువుకొంటూ, కన్నీరు విడుస్తూ ఉండేవాడట.